ఊదాపూల దొరువు

చెంచులక్ష్మి గారు బకెట్లోంచి ఆ మొక్కను పైకెత్తినప్పుడు దాని వేళ్ళ నుంచి నీళ్ళు కారి ముందు బల్ల మీది పుస్తకాలు తడిశాయి. నల్లగా, తడిసిన ఈకల్లా వేలాడుతున్న వేళ్ళు. వాటిపైన బుడగల్లా ఉబ్బిన కాడలు, గుండ్రటి నున్నటి ఆకులు, నడుమ నిటారుగా లేత ఊదారంగు పూలగుత్తి.

"దీన్ని మీలో ఎంతమంది చూసినారు?" అని అడిగిందామె.

1964 మే నెల. నెల్లూరులో ఒక కాలేజీలో జిల్లా సైన్సు మేష్టర్లకు ఆరువారాల వేసవి శిక్షణ జరుగుతోంది. చెంచులక్ష్మి గారు ఆ కాలేజీలోనే వృక్షశాస్త్రం చెప్తుంది. గదిలో ఉన్న నలభైమందిలో పదిమంది దాకా చేతులెత్తారు. నాలుగో వరుసలో కూర్చున్న అబ్రహాము చెయ్యి ఎత్తలేదు.

అతను చూడని మొక్క కాదు. రోజూ తెల్లవారి పెరట్లోకి వెళ్తే మొదట కంటబడేది అదే.

"గుర్రపుడెక్క అంటారు, ఆకు అట్టా ఉంటాది గనక. కొందరు బుడగతామర అంటారు. శాస్త్రం పేరు ఐకార్నియా" అంది చెంచులక్ష్మి గారు. "ఇది మన దేశపు మొక్క కాదు. బ్రెజిల్ నుంచి ఎవరో పువ్వు బాగుందని తెచ్చినారు. అక్కడ దీన్ని తినే పురుగులుండాయి. ఇక్కడ లేవు. రెండు వారాలకు ఒకటి రెండవుతాది. చెరువంతా కప్పేస్తే కింద వెలుతురుండదు, గాలుండదు. చేప చస్తాది, తుంగ చస్తాది."

అబ్రహాము నోటుపుస్తకంలో అంతా రాసుకున్నాడు. అతని దస్తూరి ఎప్పుడూ గుండ్రంగా ఉంటుంది. ఆ పేజీలో మాత్రం అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

అతని ఊరు ఎర్రదిన్నె. వాకాడు దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. అక్కడ ఇసుకనేలలో నాలుగడుగులు తవ్వితే మంచినీళ్ళు ఊరుతాయి. అట్లా తవ్విన వెడల్పాటి గుంటను దొరువు అంటారు. అబ్రహాము ఇంటి వెనక కూడా ఒక దొరువు ఉంది. దాని నీళ్ళు కడవలతో ముంచి అతని భార్య రెబెక్కమ్మ వంగమొక్కలకూ గోంగూరకూ పోసేది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, ఎలిశబెతు. పదకొండో ఏట ఆ పిల్లకు మొహం ఉబ్బడం మొదలై తర్వాత కాళ్ళకు నీరు పట్టింది. 1959 వేసవిలో నెల్లూరు ఆసుపత్రిలో రెండు నెలలు పెట్టారు. ఆమె మంచం కిటికీ పక్కనే. బయట సిమెంటు తొట్టిలో ఊదారంగు పూలు పూసి ఉండేవి. ఇంటికి పంపిస్తున్న రోజున, తోట పనిచేసే ముసలామె ఒక చిన్న పిలకను సత్తుగిన్నెలో నీళ్ళు పోసి ఇచ్చింది. బస్సులోనూ, బస్సు దిగాక ఎద్దులబండిలోనూ పాప ఆ గిన్నెను ఒళ్ళోంచి దించలేదు.

ఇంట్లో కుండలో వేశారు. నెల తిరక్కముందే కుండ నిండింది. "అమ్మా, వీటికి ఇల్లు చాలడం లేదే" అని పాపే వాటిని దొరువులో వదలమంది. రెబెక్కమ్మ పాపను ఎత్తుకుని దొరువు అంచు దాకా తీసుకుపోతే, ఒక్కో పిలకనూ పాపే తన చేత్తో నీళ్ళ మీద పెట్టింది. నవంబరులో పాప పోయింది. మొక్క మొదటిసారి పూసింది జనవరిలో.

అప్పటినుంచి రెబెక్కమ్మ పొద్దున ప్రార్థన ముగించుకుని, పొయ్యి వెలిగించకముందే వెళ్ళి ఆ దొరువు మెట్టు మీద కాసేపు కూర్చునేది. పూలు కోసేది కాదు. ఎక్కువైన మొక్కలను తానే తీసి ఇసుకలో ఎండబెట్టి వంగపాదుల్లో వేసేది. ఏడ్చేది కూడా కాదు. ఆమె అక్కడ కూర్చోవడం చూస్తే అబ్రహాముకు ఆ రోజుకు ధైర్యం వచ్చేది.

శిక్షణలో చెంచులక్ష్మి గారు పాత సంగతులూ చెప్పింది. ఒకప్పుడు నాగజెముడు ఈ జిల్లా గట్లన్నీ ఎట్లా ఆక్రమించిందో, తెల్లటి దూదిలాంటి పురుగును తెచ్చి వదిలితే కొన్నేళ్ళలో ఎట్లా కరిగిపోయిందో వివరించింది. అబ్రహాముకు అది లీలగా గుర్తే. చిన్నప్పుడు బడికి పోయే దారిలో జెముడు పొదలు తెల్లగా మెత్తబడి కూలిపోవడం చూశాడు.

"దీనికి మాత్రం ఇప్పటికి పురుగు దొరకలా. మన చేతులే" అందామె. "పిల్లలకు మొక్కను అసహ్యించుకోవడం నేర్పబాకండి. గుర్తుపట్టడం నేర్పండి. గుర్తుపట్టిన పిల్ల తొలి మొక్కనే పీకేస్తాది. చెరువంతా నిండినాక గుర్తుపట్టి ఏం లాభం?"

నాలుగో వారంలో బస్సులో ఊరవతల ఒక చెరువుకు తీసుకుపోయారు. మేష్టర్లంతా పంచెలు ఎగ్గట్టి నీళ్ళలో దిగారు. అబ్రహాము ఒక మొక్కను పట్టి లాగితే, ఒకదానికొకటి తీగలతో ముడిపడి పది మొక్కలు వచ్చాయి. గట్టెక్కాక అతను చెంచులక్ష్మి గారి దగ్గరికి పోయి మెల్లగా అడిగాడు.

"చెరువుతో సంబంధం లేని గుంటలో పెట్టుకుంటే ప్రమాదం లేదు కదమ్మా?"

"మన జిల్లాలో సంబంధం లేని నీళ్ళు యాడుండాయి మేష్టారూ? కార్తీకంలో వాన పట్టుకుంటే అన్నీ ఒకటే నీళ్ళు." ఆమె అతని మొహంలోకి చూసింది. "మీ ఇంట్లో ఉందా?"

"లేదమ్మా. ఊరికే అడిగినా."

జూన్ రెండోవారంలో అతను ఇంటికి వచ్చాడు. రెబెక్కమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చి, "ఈ ఎండల్లో కూడా ఎట్టా పూసినాయో రండి" అని పెరట్లోకి తీసుకుపోయింది. దొరువు నిండా ఊదారంగు. నీళ్ళు కనబడటం లేదు.

"రెబెక్కా, కాలేజీలో ఈ మొక్కను చూపించినారు" అన్నాడు.

ఆమె చటుక్కున అతని వైపు తిరిగింది. ఎవరో దూరదేశంలో తన బిడ్డను చూశామని చెప్తే వినే తల్లిలా ఉంది ఆ మొహం.

"అవునా? ఏం చెప్పినారు?"

"పేరు చెప్పినారు. ఐకార్నియా అంట."

"ఐకార్నియా" అని ఆమె రెండుసార్లు పలికి చూసుకుంది. "ఎంత అడిగేదో పాప, దీని పేరేందమ్మా అని. నాకేం తెలుసు. పేరు తెలవకుండానే పాయ." కొంగుతో కళ్ళు ఒత్తుకుని చిన్నగా నవ్వింది. "ఇంకేం చెప్పినారు?"

"ఇంకేం లేదు" అన్నాడు అబ్రహాము.

అతను చెడ్డవాడు కాదు. రేపు చెప్దామనుకున్నాడు. ఆదివారం చెప్దామనుకున్నాడు. ఈలోగా, దొరువు పొర్లితే నీళ్ళు ఊరిచెరువుకు పోయే కాలవ దగ్గర వెదురుతడిక కట్టాడు. ఎందుకని రెబెక్కమ్మ అడిగితే కోళ్ళు దిగకుండా అన్నాడు. శిక్షణలో ప్రతి మేష్టరుకూ ఒక ఫారం ఇచ్చారు. తమ ఊళ్ళో ఏయే బయటి మొక్కలున్నాయో పిల్లలతో కలిసి వెతికి, సెప్టెంబరులోగా నింపి పంపాలి. పిల్లలు ఉత్సాహంగా ఊరంతా తిరిగారు. గట్ల మీద సర్కారుతుమ్మ, శ్మశానం పక్కన మిగిలిన రెండు నాగజెముడు పొదలు చూసి వచ్చారు. మేష్టారింటి పెరట్లోకి వెతకడానికి వాళ్ళెందుకు వస్తారు? గుర్రపుడెక్క అన్న గడిలో అబ్రహాము "లేదు" అని రాసి, సంతకం పెట్టి, టపాలో వేశాడు. తరగతిలో ఆ పాఠం వచ్చినప్పుడు నాగజెముడు కథ చెప్పి ఊరుకున్నాడు.

నవంబరులో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. నాలుగో రోజు పొద్దున అబ్రహాము పెరట్లోకి వెళ్ళేసరికి దొరువు, కాలవ, వంగతోట అంతా ఒకే నీరుగా ఉంది. తడిక ఎక్కడుందో తెలియలేదు. మొక్కలు ఒకదాని వెంట ఒకటి, పూలు తలెత్తుకుని, కాలవలో చెరువు వైపు సాగిపోతున్నాయి. అతను గంపతో మొలలోతు నీళ్ళలో దిగి అందినకాడికి ఏరాడు. రెండు గంపలు నిండాయి. మిగిలినవి అప్పటికే వంపు తిరిగి కనబడకుండా పోయాయి.

వణుకుతూ ఒడ్డెక్కితే రెబెక్కమ్మ పొడిగుడ్డతో ఎదురొచ్చింది. గంపలు చూసింది. అతని తల తుడుస్తూ, "పాప మొక్కలు పోతాయని ఇంత వానలో దిగినారా?" అంది. అతను తల వంచుకుని తుడిపించుకున్నాడు.

ఆ తర్వాత వారం రోజులు జ్వరం. లేచాక చెరువుకు పోయి చూస్తే తుంగ మధ్యన అక్కడొకటి ఇక్కడొకటి ఆకులు కనిపించాయి. పదిమందిని పిలిస్తే ఒక పూటలో తీసేయవచ్చు. పిలిస్తే ఎక్కడివని అడుగుతారు. ఒంటరిగా రెండు సార్లు పోయి పీకాడు. లోతుకు పోలేకపోయాడు.

ఎర్రదిన్నె చెరువు అంచుల్లో తుంగ బాగా పెరిగేది. ఊళ్ళో నాలుగు ముస్లిం కుటుంబాలు ఆ తుంగను కోసి, చీల్చి, ఎండబెట్టి, నారదారం పడుగుగా పెట్టి చాపలు నేసేవి. అందరిలోకీ పనిమంతురాలు హజరాబీ. మొగుడు పోతే మరిది సైదులును తోడు పెట్టుకుని మగ్గం నడిపేది. ఆమె చాప చుడితే చేతిగుడ్డలా మెత్తగా చుట్టుకునేది. రెబెక్కమ్మకు నేస్తం. ఎలిశబెతును సమాధికి తీసుకుపోయిన రోజున పాప కింద పరిచింది హజరాబీ నేసి తెచ్చిన చాపే.

1966 ఫిబ్రవరి నాటికి చెరువులో నీళ్ళు కనబడటం మానేశాయి. బాతులు దిగడం లేదు. తుంగ కొత్తగా మొలవడం లేదు. మొలిచినవి ఆ బరువు కింద పడి కుళ్ళాయి. ఒక మధ్యాహ్నం హజరాబీ ఒక మొక్కను చేత్తో పట్టుకుని బడికి వచ్చింది. అబ్రహాము వరండాలోకి వచ్చాడు.

"అయ్యోరూ, ఇదేందో చెప్పండి. మీరు దీనికోసమే నెల్లూరులో చదివొచ్చినారంటనే."

"గుర్రపుడెక్క" అన్నాడతను. "చేత్తో పీకాలి. ఒకసారి పీకితే పోదు. విత్తనాలు బురదలో ఏళ్ళ తరబడి ఉంటాయి."

"నేనూ సైదులూ నాలుగు రోజులు పీకినాము. పీకిన చోట మళ్ళా కమ్మేసింది." ఆమె కాసేపు తటపటాయించింది. "ఇంకో మాట. అక్క దొరువులో ఉండేది కూడా ఇదే కదా? మా సైదులు అంటాండాడు, ఇది అయ్యోరింటి మొక్కేనని."

చిన్న తరగతి గదిలోంచి పిల్లలు ఎక్కాలు వల్లించే శబ్దం వస్తోంది. అబ్రహాము ఆ మొక్కను చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు, ఆకు చూశాడు, వేరు చూశాడు.

"చూడ్డానికి అట్టానే ఉంటాది హజరాబీ. జాతి వేరు" అన్నాడు.

"అట్నా" అందామె. మొహం తేటపడింది. "వాణ్ణి తిట్టినా నేను, నీకేం తెలుసురా అని. అయ్యోరు చదువుకున్నోళ్ళు, వాళ్ళు చూసి చెప్తే ఇంక మాటేముంది."

ఆ సాయంత్రమే హజరాబీ ఆ మాటను సంతోషంగా రెబెక్కమ్మకు చెప్పింది. "నీ మొక్క వేరంట అక్కా. నా మనసులో ఒకటే పీకులాట. ఇప్పుడు నిమ్మళించింది."

మర్నాడు శనివారం. అబ్రహాము బల్ల ముందు కూర్చుని పరీక్ష కాగితాలు దిద్దుతున్నాడు. రెబెక్కమ్మ చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. ఆమె రెండు చేతుల్లో రెండు మొక్కలు తెచ్చి కాగితాల మీద పెట్టింది.

"ఒకటి మన దొరువుది. ఒకటి చెరువుది. తేడా ఏందో చూపించండి."

అతను కలం కింద పెట్టాడు.

"పై పూరేకు మీద పసుపుపచ్చ చుక్క దీనికీ ఉంది, దానికీ ఉంది" అందామె. "చుక్క చుట్టూ నీలం దీనికీ ఉంది, దానికీ ఉంది. ఆరేళ్ళుగా చూస్తాండా నేను. నాకు కనబడని తేడా మీకేం కనబడింది?"

"తేడా లేదు" అన్నాడు అబ్రహాము.

"మీకెప్పుడు తెలుసు?"

"ఆ నెల్లూరు శిక్షణలో తెలిసింది."

"రెండేళ్ళు." ఆమె అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. "తడిక కోళ్ళకోసం కాదు."

"కాదు."

"వానలో దిగింది పాపకోసం కాదు."

పరీక్ష కాగితాల మీద నీళ్ళు పాకి పిల్లలు రాసిన జవాబులు చెరిగిపోతున్నా ఇద్దరూ కదల్లేదు.

"చెప్తే నేను పీకనీయననుకున్నారా?" అని చివరికి అడిగింది.

"నీకు అదొక్కటే మిగిలింది కదా."

"నాకు మీరున్నారనుకున్నా" అందామె.

లేచి కొంగు నడుముకు చుట్టి దొరువులోకి దిగింది. అబ్రహాము వెనకే పోయి మెట్టు మీద కాలు పెడితే, తిరిగి చూడకుండానే, "మీరు ఒడ్డునే ఉండండి" అంది. ఆ రోజంతా, ఆదివారం గుడి అయినాక మళ్ళీ చీకటిపడే దాకా, ఆమె ఒక్కతే పీకింది. మొదట పూలున్నవి, తర్వాత పూలు లేనివి, చివరికి బురదలో వేలు పెట్టి చిన్నచిన్న పిలకలు. ఒడ్డున ఇసుకలో పరిచింది. నాలుగు రోజులు ఎండబెట్టి అగ్గిపెట్టింది. పచ్చిదనం పోక పొగ బాగా వచ్చింది. దొరువు అడుగున నీళ్ళు నల్లగా, మెట్లు పాచిపట్టి, ఎవరూ వాడని గుంటలా మిగిలింది.

"హజరాబీ దగ్గరికి మీరు పోండి. నేను రాను. అది మీరు చెప్పాల్సిన మాట" అంది.

హజరాబీ మగ్గం ముందు కూర్చుని ఉంది. మూల నిలబెట్టి ఉన్న తుంగకట్ట ఒక్కటే. సైదులు ఆ తుంగను తడిపి ఆమెకు అందిస్తున్నాడు. అబ్రహాము నిలబడే చెప్పాడు. సాకులు చెప్పలేదు. ఫారంలో "లేదు" అని రాసిన సంగతి కూడా చెప్పాడు.

సైదులు లేచి బయటికి వెళ్ళిపోయాడు. హజరాబీ చేతిలో ఉన్న పోగును పడుగులో దూర్చి, పలకతో కొట్టి, ఇంకొక పోగు అందుకోబోయి ఆగింది.

"పాప మీద నాకేం లేదయ్యోరూ. పసిబిడ్డ, పువ్వు బాగుందని తెచ్చుకుంది. అక్క మీదా లేదు. ఆ యమ్మకు తెలవదు." ఆమె అతని వైపు చూడలేదు. "మా మరిదికి కళ్ళతో చూస్తే తెలిసింది. మీరు చెప్పినారని నేను వాడి కళ్ళను నమ్మలా. మీరు మొదటే చెప్పుంటే, ఆ వాన తగ్గంగానే నలుగురం కలిసి తీసేసుండేవాళ్ళం. అంతే కదా?"

"అంతే" అన్నాడు అబ్రహాము.

"పోయిరండి" అందామె.

ఏప్రిల్లో ఆ నాలుగు కుటుంబాల్లో మూడు ఊరు విడిచాయి. హజరాబీ, సైదులు మద్రాసు దగ్గర పల్లావరంలో తోళ్ళను సున్నంలో నానబెట్టి శుద్ధిచేసే షాపులో పనికి పోయారు. మగ్గం విప్పి, కర్రలు కట్టగట్టి, ఊరి బయట పడవలు తిరిగే పెద్దకాలవలో మద్రాసు పోయే కట్టెలపడవలో వేసుకున్నారు. రెబెక్కమ్మ కాలవగట్టు దాకా పోయింది. హజరాబీ ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని పడవ కదిలే దాకా పట్టుకుని ఉంది. వాళ్ళేం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో అబ్రహాముకు తెలియదు. అతను గట్టుకు దూరంగా సరుగుడుచెట్ల దగ్గర నిలబడ్డాడు.

ఆ మే నెలలో నెల్లూరులో మళ్ళీ శిక్షణ పెట్టారు. అబ్రహామును పిలవలేదు. తనే బస్సెక్కి పోయి చెంచులక్ష్మి గారిని కలిశాడు.

"నేను నింపిన ఫారం తప్పమ్మా. ఉందని రాయాల్సింది."

ఆమె అంతా విన్నది. కోప్పడలేదు. చాలాసేపు బల్ల మీది ఎండిన మొక్కల పుస్తకాన్ని వేళ్ళతో సర్దుతూ కూర్చుంది. "మీరు ఆ రోజు గట్టు మీద అడిగినప్పుడు నాకు అనుమానమొచ్చింది. ఇంకోమాట అడిగుండాల్సింది నేను" అంది. తర్వాత, "ఈ మాట లోపల నలభైమందికి చెప్తారా?" అని అడిగింది.

అతను చెప్పాడు. నల్లబల్ల ముందు నిలబడి, చేతులు కట్టుకుని, మొక్క లక్షణాలు చెప్పినట్టే వరసగా చెప్పాడు. కూతురి పేరు దగ్గర మాత్రం ఆగవలసి వచ్చింది. "మొక్కను గుర్తుపట్టడం నాకు మొదటి రోజే వచ్చింది. దాని గురించి నాకు తెలవంది ఏం లేదు. అయినా మా ఊరి చెరువు పోయింది" అని కూర్చున్నాడు. భోజనాల వేళ తడ నుంచి వచ్చిన ఒక మేష్టరు అతని పక్కకు చేరి, "మా ఊరి పెద్దాయన తోటగుంటలో ఉంది సార్. నేను కూడా లేదనే రాయాలనుకున్నా" అని మెల్లగా అన్నాడు. ఫారం రాసేటప్పుడు ఆయన ఏం రాశాడో అబ్రహాముకు తెలియలేదు.

బడి తెరిచాక అతను తొమ్మిదో తరగతి పిల్లలను చెరువు గట్టుకు తీసుకుపోయి పాఠం మొదలుపెట్టాడు. కాడ కోసి లోపలి గాలి గదులు చూపించాడు. తల్లిమొక్కకూ పిల్లమొక్కకూ మధ్య తీగను చూపించాడు. ముందు నిలబడ్డ ఒక అమ్మాయి అడిగింది.

"మన చెరువులోకి ఎవరు తెచ్చినారు సార్?"

"మా ఇంటి నుంచి వచ్చింది" అన్నాడు అబ్రహాము. "వస్తాదని నాకు తెలుసు. ఎవరికీ చెప్పలా."

ఆ మాట ఇళ్ళకు పోయింది. ఊళ్ళో కొందరు అతనితో మాట్లాడటం మానేశారు. ఒక పెద్దమనిషి అతన్ని బదిలీ చేయించాలని తిరిగాడు. అబ్రహాము ప్రతి శనివారం పిల్లలతో చెరువులోకి దిగుతూనే ఉన్నాడు. తూర్పు వైపు గట్టు వెంబడి కొంత మేర నీళ్ళు తేలాయి. వానలకు మళ్ళీ మూసుకున్నాయి. మళ్ళీ తీశారు. రెబెక్కమ్మ ఇంట్లో అతనితో అవసరానికి మాట్లాడేది. అన్నం పెట్టేది. పాప మాట వాళ్ళ మధ్య రావడం లేదు.

1968 సంక్రాంతి దాటాక ఒక శనివారం సైదులు వచ్చాడు. చిక్కిపోయాడు, బట్టలకు తోళ్ళ వాసన. ఇంట్లోకి రమ్మంటే రాలేదు. "చెరువు చూసి రమ్మనింది వదిన" అన్నాడు.

ఇద్దరూ తూర్పుగట్టు మీదికి నడిచారు. పిల్లలు శుభ్రం చేసిన చోట తుంగ మళ్ళీ లేచింది. నాలుగు బారల మేర ఉంటుంది. సైదులు వంగి ఒక కాడ కోసి, గోటితో చీల్చి, వేళ్ళ మధ్య లాగి చూశాడు.

"సన్నంగా ఉండాది. ఇంకో రెండేళ్ళుంటే గాని చాపకు ఆగదు."

"రెండేళ్ళు చూస్తాము" అన్నాడు అబ్రహాము. "హజరాబీని రమ్మను."

సైదులు చీల్చిన కాడను నీళ్ళలోకి విసిరాడు. "వదిన చేతులు సున్నంలో నాని పగిలిపోయినాయయ్యోరూ. వేళ్ళు ముడవలేదు. తుంగ వచ్చినా ఆమె నేసేది లేదు. నేను పడుగు పెట్టడం మాత్రమే నేర్చుకున్నా. నేత ఆమెదే."

గట్టు కింద పిల్లలు వచ్చి చేరుతున్నారు. సైదులు కాసేపు వాళ్ళను చూశాడు. బస్సుకు టైమవుతోందని చెప్పి బయలుదేరాడు. రెబెక్కమ్మ అన్నం మూటతో గట్టు మీదికి ఎదురొచ్చి అతని చేతిలో పెట్టింది. అతను తీసుకున్నాడు.

"హజరాబీ నా గురించి ఏమన్నా అడిగిందా?" అంది.

"బాగుందా అని అడిగింది అక్కా."

"బాగుందని చెప్పు."

అతను కనుమరుగయ్యే దాకా ఆమె అక్కడే నిలబడింది. తర్వాత చీర మోకాళ్ళ పైకి దోపుకుని గట్టు దిగింది. అంతకుముందు ఎప్పుడూ ఆమె ఈ చెరువు పనికి రాలేదు. పిల్లలతో అప్పటికే నీళ్ళలో ఉన్న అబ్రహాముకు నాలుగు గజాల దూరంలో, అతని వైపు చూడకుండా నీళ్ళలో దిగి, మొదటి మొక్కను పట్టి వేళ్ళతో సహా లాగి, గట్టు మీదికి వేసింది.